షిప్పులో గుండెపోటు వస్తే పరిహారం ఏ దారిలో అడగాలి?

డ్యూటీలో ఉండగా ఛాతీ నొప్పి వచ్చి, దగ్గర్లోని రేవులో దింపి, స్టెంట్ వేయించి ఇంటికి పంపిన సీమన్‌కి నాలుగు వైపుల నుంచీ సలహాలు వస్తాయి. యూనియన్‌కి రాయమని ఒకరు చెబుతారు. లేబర్ కమిషనర్ దగ్గర కేసు వేయమని ఇంకొకరు, షిప్పు ఇన్సూరెన్స్ వాళ్లనే నేరుగా అడగమని మరొకరు అంటారు. "గొడవ పెట్టుకుంటే మళ్లీ పిలవరు, ఇచ్చింది తీసుకో" అని ఏజెంటు నచ్చజెబుతాడు. డెక్ మీద జారిపడి కాలు విరిగితే ఈ దారుల మధ్య పెద్ద తేడా ఉండదు. గుండెజబ్బులో మాత్రం దారిని బట్టి రుజువు చేయాల్సిన విషయమే మారిపోతుంది. అందుకని ఎంత డబ్బు వస్తుందన్న లెక్క కంటే ముందు, ఏది రుజువు చేయాలో, అది మీ చేతిలో ఉన్న కాగితాలతో సాధ్యమో కాదో చూసుకోవాలి.

ఇది భారతీయ సీమెన్ కోసం, అంటే భారత జెండా (ఇక్కడ రిజిస్టరైన) షిప్పుల్లోనో, ఇక్కడి లైసెన్సున్న మ్యానింగ్ ఏజెన్సీ (షిప్పులకు సిబ్బందిని పంపే సంస్థ) ద్వారా విదేశీ జెండా షిప్పుల్లోనో పనిచేసేవాళ్ల కోసం రాసింది.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, మీ ఒప్పందంలో వైకల్య పరిహారం క్లాజు ఏ మాటతో మొదలవుతుందో చూడండి. "ప్రమాదం వల్ల శాశ్వత వైకల్యం" అని ఉందా, "ప్రమాదం లేదా అనారోగ్యం వల్ల" అని ఉందా? ఈ రెండు మాటల తేడా మీదే చాలా గుండె కేసులు నిలబడతాయి, పడిపోతాయి.

రెండోది లంకె. పని ఒత్తిడికీ గుండెపోటుకీ సంబంధం ఉందని మీరే చూపాలా, లేక "ఇక సముద్రం మీద పనికి పనికిరాడు" అన్న డాక్టరు సర్టిఫికెట్ ఒక్కటీ చాలా?

మూడోది డబ్బు లెక్క కట్టే తీరు, నాలుగోది గడువు, అయిదోది వసూలు. యజమాని పనామాలో పేరుకు మాత్రమే ఉన్న కంపెనీ అయితే, గెలిచిన కాగితం గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

ఆరోది చాలామంది చివరిదాకా ఆలోచించరు. మీరు మళ్లీ షిప్పెక్కాలనుకుంటున్నారా? పూర్తి పరిహారానికి దగ్గరి దారి "శాశ్వతంగా అన్‌ఫిట్" సర్టిఫికెట్. అది తీసుకుంటే మీ సీడీసీ (సీమన్ గుర్తింపు, సేవా పుస్తకం) ఇక అలంకారమే. సీమెన్ వైద్య పరీక్షలపై అంతర్జాతీయ కార్మిక, సముద్రయాన సంస్థలైన ఐఎల్‌ఓ, ఐఎమ్‌ఓ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గుండెపోటు, యాంజియోప్లాస్టీ లేదా బైపాస్ తర్వాత కనీసం 3 నెలలు తాత్కాలిక అన్‌ఫిట్. ఆపైన మళ్లీ వచ్చే ముప్పు చాలా తక్కువని తేలితే షరతులతో, తక్కువ కాలానికి ఫిట్ ఇవ్వొచ్చు. 34 ఏళ్ల థర్డ్ ఇంజనీరుకీ 54 ఏళ్ల డెక్ సిబ్బంది మేస్త్రీ బోసన్‌కీ ఇక్కడ ఒకే సలహా పనికిరాదు.

దారి 1: ఒప్పందం, యూనియన్

సమష్టి ఒప్పందం (యూనియన్, కంపెనీ కలిసి రాసుకున్నది) ఉన్న షిప్పయితే ఇక్కడే మొదలుపెట్టాలి. మొత్తం డాలర్లలో, ముందే రాసి ఉన్న పట్టిక ప్రకారం వస్తుంది. కంపెనీ తప్పు చేసిందని చూపక్కర్లేదు.

చిక్కు వైకల్యం క్లాజులోనే ఉంది. ఐటీఎఫ్ (అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య) నమూనాలో రాసుకున్న ఒప్పందాల్లో మరణ పరిహారం "ఏ కారణం వల్లనైనా", సహజ మరణంతో సహా, వర్తిస్తుంది. వైకల్య పరిహారం మాత్రం "ప్రమాదం వల్ల" అని ఉంటుంది. అంటే గుండెపోటుతో మనిషి పోతే కుటుంబానికి డబ్బు వస్తుంది. బతికి బయటపడి పనికి రాకుండా పోతే, "ఇది ప్రమాదం కాదు, జబ్బు" అని జవాబొస్తుంది. కొన్ని ఒప్పందాల్లో అనారోగ్యాన్నీ చేర్చారు. కాబట్టి "మా యూనియన్‌లో ఇస్తారట" అన్న మాట మీద ఆగకుండా, మీరు సంతకం పెట్టిన ఏడాది ఒప్పందం ప్రతి తెప్పించుకుని క్లాజు చదవండి. పాత ఏడాది ప్రతి చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ.

అనారోగ్యం చేరి ఉంటే మిగతా నిబంధనలు మీ వైపే ఉంటాయి. వైకల్యం 50 శాతం లేదా అంతకు మించితే 100 శాతం పరిహారం. అంతకన్నా తక్కువగా తేలినా, ఏ హోదాలోనూ సముద్ర సేవకు శాశ్వతంగా పనికిరాడని డాక్టరు రాస్తే అప్పుడూ 100 శాతమే. "ఏ హోదాలోనూ" అన్న మాట సర్టిఫికెట్‌లో ఉండాలి. "ఇంజన్ రూమ్ పనికి అన్‌ఫిట్" అని రాయించుకుంటే మిగతా పనులకు ఫిట్టే కదా అంటారు. కంపెనీ డాక్టరుతో మీ డాక్టరు విభేదిస్తే, ఇద్దరికీ సమ్మతమైన మరో డాక్టరు అభిప్రాయం దగ్గర తేల్చుకోవడం మామూలు పద్ధతి.

దారి 2: ఎంఎల్‌సీ కింద ఆర్థిక భద్రత, అంటే పి అండ్ ఐ క్లబ్ (షిప్పు యజమానుల ఉమ్మడి బీమా సంస్థ)

భారత్ 2015 అక్టోబరులో సముద్ర కార్మిక ఒడంబడికను (ఎంఎల్‌సీ) ఆమోదించింది. 2017 జనవరి 18 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల ప్రకారం, మరణం, దీర్ఘకాల వైకల్యం కోసం ఒప్పందంలో రాసిన పరిహారానికి షిప్పు యజమాని బీమా లేదా అలాంటి హామీ చూపాలి. ఆ సర్టిఫికెట్ షిప్పులో అందరికీ కనిపించేచోట అంటించి ఉంటుంది, మామూలుగా మెస్ రూమ్ దగ్గరి నోటీసు బోర్డు మీద. దాని మీద హామీదారు పేరు, చిరునామా ఉంటాయి. సైన్ ఆఫ్ అయ్యి షిప్పు దిగేముందు ఫోన్‌తో ఒక్క ఫొటో తీసుకుంటే చాలు. తర్వాత ఏజెంటు ద్వారా ఆ పేరు రాబట్టడానికి నెలలు పడుతుంది.

ఈ దారిలో నాలుగు బలాలున్నాయి. హామీదారునే నేరుగా అడగొచ్చు. ఒప్పంద మొత్తం కన్నా తక్కువకు ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు. వైకల్యం ఎంతో తేలడానికి సమయం పడితే, ఇబ్బంది పడకుండా మధ్యంతర చెల్లింపు ఇవ్వాలి. ఆ డబ్బు తీసుకున్నంత మాత్రాన మిగతా చట్టపరమైన హక్కులు పోవు. కాకపోతే, తర్వాత ఇంకెక్కడైనా గెలిస్తే ఇది అందులోంచి మినహాయిస్తారు.

బలహీనత ఒకటే, కానీ పెద్దది. ఈ హామీ మీ ఒప్పందాన్ని మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. ఒప్పందంలో "ప్రమాదం" అని మాత్రమే ఉంటే క్లబ్ కూడా ఆ మాటే చూపిస్తుంది. కాబట్టి ఇది దారి 1కి ప్రత్యామ్నాయం కాదు, ఆ డబ్బు రాబట్టుకునే చెయ్యి.

వైకల్యంతో సంబంధం లేకుండా వచ్చేవి వేరే ఉన్నాయి. కోలుకునేదాకా, లేదా స్థితి శాశ్వతమని తేలేదాకా వైద్య ఖర్చు. షిప్పులో ఉన్నంతకాలం పూర్తి జీతం, దిగాక మీ ఒప్పందం, జెండా దేశం చట్టం ప్రకారం జీతం. ఈ జీతం బాధ్యతను యజమాని జబ్బు మొదలైన రోజు నుంచి 16 వారాలకన్నా తక్కువకు కుదించలేడు. సమష్టి ఒప్పందంలో ఇంకా ఎక్కువే ఉండొచ్చు. గుండెజబ్బులో దీనికి ముఖ్యంగా గండి కొట్టేది ఒకటి: చేరేటప్పుడు జబ్బును కావాలని దాచిపెట్టడం. బీపీ మాత్రలు వాడుతూ వైద్య పరీక్షలో "లేదు" అని టిక్ పెట్టినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. బీపీ ఉందని చెప్పి, డాక్టరు చూసి ఫిట్ ఇచ్చినవాళ్లకు ఈ అడ్డంకి లేదు.

దారి 3: ఉద్యోగుల పరిహార చట్టం, లేబర్ కమిషనర్

ఒప్పందం "ప్రమాదం" దగ్గర ఆగిపోయినవాళ్లకు ఇదే అసలైన దారి. 1923 నాటి చట్టం షిప్పు మాస్టర్లకు, సీమెన్‌కు కూడా వర్తిస్తుంది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి రావడంతో ఈ చట్రం ఆ కోడ్ ఏడో అధ్యాయంలోకి మారింది. అంతకుముందు వచ్చిన గుండెపోటుకు పాత సెక్షన్లతోనే దరఖాస్తు రాయాలి.

చట్టం మూడో షెడ్యూల్‌లో ఉన్న వృత్తి వ్యాధుల జాబితాలో గుండెజబ్బు లేదు. కాబట్టి "పని వల్ల, పనిలో ఉండగా జరిగిన ప్రమాదం" అనే నిర్వచనంలోకే దాన్ని తీసుకురావాలి. సుప్రీంకోర్టు తీర్పులు ఇందుకు దారి చూపిస్తాయి, జాగ్రత్తా చెబుతాయి. 2006లో నెల్లూరు థర్మల్ కేంద్రం ఉద్యోగి కేసులో కోర్టు సూత్రం చెప్పింది: ఉన్న జబ్బు దానంతటదే ముదిరి ప్రాణం తీస్తే యజమాని బాధ్యత లేదు, పని అందుకు తోడ్పడినా, తొందర చేసినా బాధ్యత ఉంది. కానీ స్విచ్చులు వేసి తీసే పనిలో అంత ఒత్తిడి కనిపించలేదని ఆ కుటుంబానికి పరిహారం దక్కలేదు. మరో కేసులో ఒక క్లీనర్ మరణంలోనూ ఒత్తిడికి సాక్ష్యం లేదని అదే ఫలితం. 2012లో మాత్రం ఢిల్లీ నుంచి 1,152 కిలోమీటర్లు లారీ నడుపుకుంటూ వెళ్లి దారిలో కుప్పకూలిన డ్రైవర్ కుటుంబానికి కోర్టు పరిహారం ఇచ్చింది. ఎన్ని కిలోమీటర్లు, ఎలాంటి పని అన్న వివరమే అక్కడ కేసును నిలబెట్టింది. "షిప్పు పని కష్టమైంది" అన్న సాధారణ వాక్యం కమిషనర్ ముందు నిలవదు. గుండెపోటుకు ముందు మూడు రోజుల్లో మీరేం చేశారో గంటల లెక్కన ఉండాలి.

లెక్క ఇలా కడతారు. పూర్తి శాశ్వత వైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చవేస్తారు. 2020 జనవరి 3 నుంచి ఈ లెక్కకు తీసుకునే జీతం పరిమితి నెలకు 15,000 రూపాయలు. దాని ప్రకారం:

| వయసు | గుణకం | పూర్తి వైకల్యానికి మొత్తం |
|---|---|---|
| 30 | 207.98 | ₹18,71,820 |
| 45 | 169.44 | ₹15,24,960 |
| 55 | 135.56 | ₹12,20,040 |

నెలకు ఎన్ని వేల డాలర్లు తెచ్చుకునే సెకండ్ ఇంజనీరయినా, డెక్ మీద కింది హోదాలో ఉండే ఓఎస్ అయినా ఈ పట్టికలో ఒకటే. ఆఫీసర్లకు ఈ దారి చిన్నగా అనిపించేది అందుకే. నెల దాటినా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం వరకు జరిమానా ఉంటాయి. కొత్త ఘటన అయితే దావా వేసే ముందు జీతం పరిమితి తాజా నోటిఫికేషన్ చూసుకోవాలి.

పూర్తి వైకల్యమా, పాక్షికమా అన్నది ఇక్కడి అసలు పోట్లాట. గుండె పంపింగ్ 40 శాతం ఉంది, ఒడ్డున కూర్చుని చేసే పని చేసుకోవచ్చు, కాబట్టి 40 శాతం నష్టమే అని కంపెనీ వాదిస్తుంది. ప్రమాదానికి ముందు చేయగలిగిన పని చేయలేకపోతే అది పూర్తి వైకల్యమేనని 1975లో, ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సముద్ర సేవకు అన్‌ఫిట్ అయిన సీమన్‌కి ఆ తీర్పు గట్టి ఊతం.

వైకల్య దావాకు గడువు 2 ఏళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించొచ్చు గానీ దాని మీద ఆధారపడొద్దు. జబ్బు షిప్పులోనే మొదలై ఉంటే సీమన్ విడిగా నోటీసు ఇవ్వాల్సిన అవసరం లేదు. "సమయానికి చెప్పలేదు" అని ఏజెంటు అన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ముంబై వెళ్లక్కర్లేదు, మీరు నివసించే ప్రాంతం కమిషనర్ దగ్గరే వేయొచ్చు. శ్రీకాకుళం వాళ్లయితే అక్కడి కార్మిక శాఖ కార్యాలయంలోనే అడగండి. యజమాని అన్న నిర్వచనంలో మేనేజింగ్ ఏజెంటు కూడా ఉన్నాడు కాబట్టి ఇక్కడి మ్యానింగ్ ఏజెన్సీనీ కక్షిదారుగా చేర్చండి.

ఒక హెచ్చరిక. అదే గుండెపోటు మీద నష్టపరిహారం కోసం సివిల్ కోర్టులో దావా వేస్తే కమిషనర్ తలుపు మూసుకుంటుంది. కమిషనర్ దగ్గర వేస్తే సివిల్ తలుపు మూసుకుంటుంది. వకీలు రెండూ ఒకేసారి వేద్దామంటే ఇంకో వకీలును అడగండి.

దారి 4: ఫిర్యాదు, షిప్పు అరెస్టు

ఏజెన్సీ మీద కేంద్ర నౌకాయాన అధికారి అయిన డీజీ షిప్పింగ్‌కీ, ముంబై, కోల్‌కతా, చెన్నైల్లోని సీమెన్ ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసుల్లో మీ ఏజెన్సీ ఏ ఆఫీసు కిందికి వస్తే అక్కడికీ ఫిర్యాదు చేయొచ్చు. వాళ్లు వైకల్యం శాతం తేల్చరు. కానీ లైసెన్సు పోతుందన్న భయంతో దాచిపెట్టిన ఒప్పందం ప్రతి, వైద్య నివేదికలు బయటికొస్తాయి. దీన్ని ప్రధాన దారిగా కాకుండా, కాగితాలు రాబట్టే పనిముట్టుగా వాడండి.

2017 అడ్మిరాల్టీ చట్టం కింద తీర రాష్ట్రాల హైకోర్టులు షిప్పును అరెస్టు చేయించగలవు, అంటే రేవు దాటకుండా ఆపించగలవు. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవులకొచ్చే షిప్పుకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. ఖర్చెక్కువ, షిప్పు మీ తీరానికి రావాలి, అడిగే మొత్తం పెద్దదవ్వాలి. యజమాని ఎవరో తెలియని, హామీ రద్దయిన షిప్పుల విషయంలోనే దీన్ని ఆలోచించండి. బాకీ జీతం మీద తాత్సారం చేస్తే 2 ఏళ్లకూ, షిప్పు మీదే ఉండే మిగతా హక్కుల (మారిటైమ్ లీన్) మీద ఏడాదికీ కాలం చెల్లుతుంది.

ఒక్క చూపులో

| | ఏం రుజువు చేయాలి | డబ్బు | గడువు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఒప్పందం, యూనియన్ | క్లాజులో అనారోగ్యం ఉండటం, అన్‌ఫిట్ సర్టిఫికెట్ | డాలర్లలో, హోదా పట్టిక ప్రకారం | ఒప్పందంలో చూడాలి | ఆఫీసర్లు, మృతుల కుటుంబాలు |
| ఎంఎల్‌సీ హామీ | పైదే | ఒప్పందం మేరకే, మధ్యంతర చెల్లింపు ఉంది | ఒప్పందంలో చూడాలి | కంపెనీ సాగదీస్తున్నవాళ్లు |
| కమిషనర్ | పని ఒత్తిడి తోడ్పడిందని | సుమారు 12 నుంచి 19 లక్షలు, వడ్డీ అదనం | వైకల్యానికి 2 ఏళ్లు | ఒప్పందంలో "ప్రమాదం" మాత్రమే ఉన్న రేటింగ్స్ (ఆఫీసర్లు కాని సిబ్బంది) |
| షిప్పు అరెస్టు | హక్కు, షిప్పు రేవులో ఉండటం | కోర్టు తేల్చినంత | 1 నుంచి 2 ఏళ్లు | యజమాని మాయమైన కేసులు |

ఫిలిప్పీన్స్ లెక్క మనకు కాదు

షిప్పులో ఫిలిపినో సహచరులు "120 రోజులు దాటితే నీకు పూర్తి పరిహారం" అని చెబుతుంటారు. అది వాళ్ల ప్రామాణిక ఒప్పందంలోని నియమం. అందులో గుండెజబ్బు వృత్తి వ్యాధుల జాబితాలోనే ఉంది. ఇంటికొచ్చిన మూడు పనిదినాల్లో కంపెనీ డాక్టరుకు చూపించుకోవాలి. ఆ డాక్టరు 120 రోజుల్లో, తగిన కారణముంటే 240 రోజుల్లో తేల్చాలి. మన ఒప్పందానికి, మన చట్టానికి ఈ అంకెలు అంటవు. అయితే వాళ్ల జాబితాలోని ఒక షరతు మనకూ మంచి కొలబద్ద: పని ఒత్తిడి తర్వాత 24 గంటల్లోపు గుండె దెబ్బతిన్న లక్షణాలు కనిపించడం. మీ కాగితాలు అది చూపగలిగితే ఇక్కడి కమిషనర్‌నూ ఒప్పించడం తేలికవుతుంది.

ఏ దారైనా, కాగితాలు ఇవే

విశ్రాంతి గంటల రికార్డు అన్నిటికన్నా ముఖ్యం. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ రికార్డు ప్రతి ఒకటి సీమన్‌కి ఇవ్వాలని నియమం. కానీ తనిఖీల కోసం సరిచేసిన రికార్డు మీద మీరే సంతకం పెట్టి ఉంటే అదే మీకు ఎదురు తిరుగుతుంది. అప్పుడు బంకరింగ్ (ఇంధనం నింపే) సమయాలు, ట్యాంక్ క్లీనింగ్ పర్మిట్లు, రేవులోకి వచ్చి వెళ్లిన సమయాలు, ఇంజన్ లాగ్‌లోని అలారాలు, వాతావరణ నమోదు పక్కన పెట్టి అసలు పనిగంటలు చూపాలి.

మెడికల్ లాగ్‌లో "గ్యాస్, యాంటాసిడ్ ఇచ్చాం" అని రాయడం షిప్పుల్లో పరిపాటి. రెండు రోజుల తర్వాత గుండెపోటని తేలితే, ఆ నమోదును చూపి "పనికి సంబంధం లేని కడుపు సమస్య" అంటారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తుండగా, చెమట పట్టిందా, ఎడమ చేతికి పాకిందా అన్నవి గడియారం సమయంతో రాయమని సెకండ్ ఆఫీసర్‌ని అడగాలి. జబ్బు పేరు డాక్టరు తేలుస్తాడు. రేడియో ద్వారా వైద్య సలహా తీసుకుంటే ఆ సందేశాల ప్రతి కూడా అడగండి.

విదేశీ ఆసుపత్రి నుంచి ట్రోపోనిన్ (గుండె దెబ్బను చూపే రక్తపరీక్ష) ఫలితం, యాంజియోగ్రామ్ సీడీ, ఎకో నివేదిక, డిశ్చార్జ్ సమ్మరీ తెచ్చుకోండి. చైనీస్‌లోనో స్పానిష్‌లోనో ఉన్న సమ్మరీకి ఏజెంటు చేతనే ముద్రతో అనువాదం చేయించడం అప్పుడే తేలిక. ఈసీజీ వేడికి ముద్రపడే కాగితం మీద వస్తుంది, కొంతకాలానికి వెలిసిపోతుంది. ఆ రోజే ఫొటో తీసి ఉంచండి.

ఇక్కడి కార్డియాలజిస్టును "ఇది పని వల్ల వచ్చిందా" అని అడిగితే ఎవరూ రాసివ్వరు. పొగతాగడం, కొలెస్టరాల్, వంశం, అన్నీ కారణాలే. పనిగంటల కాగితాలు చూపించి "ఈ శ్రమ గుండెపోటుకు తోడ్పడి ఉండొచ్చా, తొందర చేసి ఉండొచ్చా" అని అడగండి. కోర్టు పెట్టిన పరీక్ష కూడా అదే, డాక్టరు నిజాయితీగా జవాబివ్వగలిగిందీ అదే.

ఎవరు ఏం చేయాలి

40 లోపు వయసు, స్టెంట్ వేసి గుండె బాగానే పనిచేస్తున్నవాళ్లు అన్‌ఫిట్ సర్టిఫికెట్ కోసం తొందరపడొద్దు. వైద్య ఖర్చు, అనారోగ్య కాలం జీతం పూర్తిగా రాబట్టండి, 3 నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి. ఫిట్ దొరక్కపోతే అప్పుడు దారి ఎంచుకోవచ్చు, 2 ఏళ్ల గడువు మాత్రం కేలండర్‌లో రాసుకోండి.

50 దాటి, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లకు ఒప్పందంలో అనారోగ్యం ఉంటే 1, 2 దారులు కలిపి నడపాలి. లేకపోతే కమిషనర్. మధ్యలో సీమెన్ ప్రావిడెంట్ ఫండ్ డబ్బు తీసుకోవడానికి దీనికీ సంబంధం లేదు. అది మీ సొమ్మే, పరిహారంలో తగ్గించేది కాదు.

మనిషిని కోల్పోయిన కుటుంబం ముందుగా ఒప్పందంలోని మరణ క్లాజు చూడాలి. "ఏ కారణం వల్లనైనా" అని ఉంటే పని ఒత్తిడి రుజువుల్లోకి దిగి ఏడాది పోగొట్టుకోవద్దు.

ఏజెంటు చెప్పిన "ఇచ్చింది తీసుకో" దారి ఎంచుకునేవాళ్లకు ఒక్క మాట. డబ్బు తీసుకోవచ్చు, "పూర్తి, చివరి సెటిల్‌మెంట్, ఇక ఏ హక్కూ లేదు" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఎంఎల్‌సీ ఇచ్చిన నమూనా రసీదు అడగండి, అందులో మిగతా హక్కులు నిలిచే ఉంటాయి. పరిహార చట్టం కింద హక్కు వదులుకునే ఒప్పందం ఎలాగూ చెల్లదు. రాజీ కుదిరితే దాన్ని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి, చేయించకపోతే యజమాని పూర్తి మొత్తానికీ బాధ్యుడవుతాడు. ఏజెంటు నమోదుకు ఒప్పుకోకపోతే, ఆ మొత్తం మీకు రావాల్సిన దానికన్నా తక్కువేమో లెక్క చూసుకోండి.